అమావాస్య నాడు ఆగిన మగ్గం

విజయవాడలో పోటీ పరీక్షల పిల్లలకు నేను ఎకానమీ చెబుతాను. చెప్పేదంతా నిర్వచనాలే. పేదవాడంటే ఎవరు, నిరుద్యోగి అంటే ఎవరు, కార్మికుడంటే ఎవరు. ఒక్క మాట అటూ ఇటూ అయితే మార్కు పోతుంది కాబట్టి పిల్లలు వాటిని మంత్రాల్లా బట్టీ పడతారు. వారంలో ఏదో ఒక రోజు ఒక గంట పని దొరికితే చాలు, ఆ వారానికి ఆ మనిషి నిరుద్యోగి కాడని ఒక లెక్క ఉంది. అది చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీల్లో నవ్వులు వస్తాయి. ఒకసారి ఒకమ్మాయి నవ్వలేదు. వాళ్ళ నాన్న ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డుకు పనికి పోతాడట. ఆ వారమంతా షెడ్డు ముందు నిలబడితే ఒక్క పూట వెల్డింగ్ పని దొరికిందట. "అయితే మా నాన్నకి పని ఉన్నట్టేనాండీ?" అని అడిగింది. పరీక్షలో మాత్రం ఉన్నట్టేనని చెప్పాను. ఆ మాట చెప్పినందుకు ఆ రోజంతా నా మీద నాకే చిరాకుగా ఉంది.

అసలే నాది ముక్కు మీద కోపం. వన్ టౌన్‌లో నేను అద్దెకుండే సందులో, మా పక్కింట్లో మూడు కాపురాలున్నాయి. ముగ్గురికీ కలిపి కరెంటు మీటరు ఒక్కటే. ముగ్గురి ఫ్యాన్లూ, ముగ్గురి లైట్లూ కలిసి బిల్లు కాస్త ఎక్కువొచ్చేసరికి వీళ్ళు పేదవాళ్ళు కారని తేల్చి రేషను కార్డులు తీసేశారు. వాళ్ళ తరఫున రేషను ఆఫీసుకి నేనే వెళ్ళి గొడవపడ్డాను. మీటరు అబద్ధం చెప్పదు కదండీ అన్నాడు అక్కడున్నాయన. మీటరు నిజమే చెప్పింది, దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు అన్నాను. ఆయనకు ఎక్కలేదు. నన్ను లెక్చరరుగారూ అని మర్యాదగా పిలిచి బయటికి పంపించాడు.

ఇవన్నీ ఇన్నేళ్ళూ పక్కవాళ్ళ సంగతులు. నేను వకాల్తా పుచ్చుకుని తిరిగేదాన్ని, సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం తినేదాన్ని. ఇప్పుడు అది మా గుమ్మంలోకే వచ్చింది. మా అమ్మ చేనేత కార్మికురాలు. ఈ ఒక్క ముక్క ప్రభుత్వం చేత అనిపించడానికి మేం తంటాలు పడుతున్నాం.

మా ఊరు విజయవాడ నుంచి బస్సులో కాలువ గట్టు వెంట గంటన్నర దూరం. చుట్టూ వరి పొలాలున్నా మా వీధికి మాత్రం సెంటు భూమి లేదు. ఇంటికో మగ్గం, కొన్ని ఇళ్ళలో రెండు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ మగ్గం మీద ఆయనే కూర్చునేవాడు. అమ్మ తెల్లవారకుండా లేచి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. నిలువుగా సాగే పడుగు పోగులు తెగితే అతికేది. గంజి పెట్టేది. నేసిన చీరలు మడత పెట్టేది. వంటా వార్పూ ఆ మధ్యలో ఎక్కడో అయిపోయేవి. నేత ఒక్క మనిషి పని కాదని మగ్గం ఉన్న ఏ ఇంట్లో పసిపిల్లనడిగినా చెబుతుంది. లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మాత్రం గుమ్మంలో నిలబడి "నేసేదెవరండీ?" అని అడిగేవాళ్ళు. నాన్న చెయ్యెత్తేవాడు. అమ్మ పేరు పక్కన గృహిణి అని పడేది. అప్పట్లో దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు, అమ్మతో సహా.

నాన్న గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయిన వారానికే అమ్మ మగ్గం ముందు గుంటలోకి దిగి నేతకు కూర్చుంది. ఏడాదైనా తిరక్కుండా ఇదేమిటని చుట్టాలు గొణిగారు. "పడుగు సగంలో ఆగిపోయి ఉంది, ఎవరు దింపుతారు?" అంది అమ్మ. ఆ పడుగు దింపింది. తరవాతది ఎక్కించింది. ఇక ఆగలేదు. నేనొచ్చేయమన్నాను, విజయవాడలో నాతో ఉండమన్నాను. వచ్చి నీ సందులో ఏం చూసుకుంటూ కూర్చోమంటావని అడిగింది. మరోసారి లెక్కలవాళ్ళు వచ్చి నేసేదెవరని అడిగినప్పుడు తనే చెయ్యెత్తింది. ఫొటోతో కార్డొచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మగ్గం పక్క గోడకి మేకు కొట్టి తగిలించింది. వయసు మళ్ళిన నేతపనివాళ్ళకిచ్చే పింఛను ఆ కార్డు మీదే వచ్చేది. మొదటిసారి తీసుకున్న రోజు నాకు ఫోను చేసి చెప్పింది. ఎంతిచ్చారో చెప్పలేదు, చేనేత అని పిలిచి ఇచ్చారని చెప్పింది.

మా వీధిలో అమావాస్య నాడు ఎవరూ నెయ్యరు. మాకు ఆదివారాలు లేవు. గిరాకీ ఉంటే పండగ పూటా నేస్తారు. నెలకొక్క అమావాస్య మాత్రం సెలవు. అది ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో తెలియదు గానీ, తీసేసే ధైర్యం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. ఆ రోజు తలంటి పోసుకుని, మగ్గానికి దుమ్ము దులిపి, బొట్టు పెట్టి, దీపం వెలిగిస్తారు. ఆ తరవాత నిద్రపోతారో, సినిమాకి పోతారో వాళ్ళ ఇష్టం. పెళ్ళిళ్ళ రోజుల్లో మాకు నూలిచ్చి నేయించుకునే షావుకారు వచ్చి, ఈ ఒక్కసారికి కూర్చోమని బతిమాలడం నాకు గుర్తుంది. మిగతా రోజుల్లో ఆయన ముందు నోరెత్తని మా నాన్న, ఆ రోజు మాత్రం వీధి అరుగు మీద కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతూ కుదరదండీ అన్నాడు. ఆ కాలు మీద కాలు నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఇప్పటికీ నేను అమ్మను చూడటానికి అమావాస్యకే వెళ్తాను. మిగతా రోజుల్లో వెళ్తే మగ్గం చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకని తనిఖీ జరిగిన రోజున నేను అక్కడే ఉన్నాను.

తనిఖీ మగ్గాలకి. కార్డున్న ప్రతివాళ్ళనీ వాళ్ళ మగ్గం మీద కూర్చోబెట్టి, అక్కడికక్కడే ఫొటో తీసి ఫోనులోంచి పైకి పంపాలట. పనిచేసే మగ్గాలెన్నో, మూలపడ్డవి ఎన్నో తేల్చడానికి. వచ్చింది మా వీధికి పింఛన్లు పంచే గ్రామ సచివాలయం అమ్మాయే. సాయంత్రానికల్లా వీధంతా అయిపోవాలని పైనుంచి ఆమెకు ఫోన్ల మీద ఫోన్లు. అమావాస్య అని ఆమెకు తెలుసు. తారీఖు వేసినవాళ్ళకు తెలియదు.

ముందున్న ఇళ్ళవాళ్ళు కాసేపు గునిశారు. తరవాత మగ్గానికి దణ్ణం పెట్టుకుని, తప్పు కాయమని చెప్పుకుని, గుంటలోకి దిగి, కండె పెట్టే నాడె చేత్తో పట్టుకుని కూర్చున్నారు. పోగుల మధ్యకు విసరలేదు, పట్టుకున్నారంతే. ఫొటోలో ఆ తేడా తెలియదు. వాళ్ళని నేనేమీ అనను. పింఛను పోతుందంటే ఎవరికైనా భయమే.

మా ఇంటికొచ్చి ఆ అమ్మాయి, "మామ్మగారూ, ఒక్కసారి కూర్చోండి. ఫొటో తీసుకుని వెళ్ళిపోతాను" అంది.

"ఇవాళ అమావాస్య కదమ్మా. రేపు రా. పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునే ఉంటాను."

"రేపు ఇంకో వీధి వేశారండీ. ఊరికే కూర్చుంటే చాలు, నెయ్యక్కర్లేదు."

"నెయ్యకుండా కూర్చుంటే అబద్ధం. నేస్తూ కూర్చుంటే తప్పు. రెండూ నా వల్ల కాదు."

ఆ అమ్మాయి నా వంక చూసింది, నువ్వైనా చెప్పమన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. ఆదివారం పూట మీ ఆఫీసుకొచ్చి ఖాళీ కుర్చీలకి ఫొటోలు తీసి, ఇక్కడ ఉద్యోగులే లేరని రాస్తే ఒప్పుకుంటారా అని గట్టిగానే అడిగాను. పాపం ఆమె మొహం చిన్నబోయింది. అమ్మ నన్నే కసిరింది. ఎండన పడి వచ్చిన పిల్ల మీద నీ పాండిత్యమేమిటే, వెళ్ళి మజ్జిగ తీసుకురా అంది. మజ్జిగ తాగి ఆమె ఫోను నాకు చూపించింది. మగ్గం స్థితి అన్న చోట రెండే ఉన్నాయి, పనిచేస్తోంది, పనిచేయడం లేదు. మనిషి కూర్చున్న ఫొటో పెట్టకపోతే మొదటిది నొక్కనివ్వదు. ఆమె రెండోది నొక్కింది. బొట్టు పెట్టి, దీపం వెలిగించి, సగం నేసిన చీరతో ఉన్న మగ్గం అలా పనిచేయని మగ్గం అయిపోయింది.

ఒకటో తారీఖున పింఛనుకి వేలిముద్ర వేయబోతూ అమ్మ ఆగిందట. ఆ అమ్మాయి చదివిన జాబితాలో చేనేత అనలేదు. ఈ నెల మీ పేరు వితంతువుల్లో వచ్చిందండీ, డబ్బు మాత్రం అంతే, ఏమీ తగ్గదు అని నచ్చజెప్పిందట. తరవాత నాకు అర్థమైంది ఏమిటంటే, మగ్గం మూలపడిందని తేలగానే కార్డు రద్దయింది. పింఛను పోకూడదని కంప్యూటరే వెతికి, ఈమెకు ఇంకే అర్హత ఉందో చూసి అందులో వేసింది. ఒక రకంగా మంచి బుద్ధితో చేసిన పనే. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. డబ్బు తిప్పి పంపించేసింది.

వీధిలో ఒక్కరికీ ఇది మింగుడుపడలేదు. అంతే డబ్బు, అదే తారీఖు, ఇచ్చేదీ అదే పిల్ల, ఇక తేడా ఏమిటమ్మా అన్నారు. ఫోనులో విన్నప్పుడు నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. బస్సులో కూర్చుని ఆలోచిస్తే తేడా తెలిసింది. ఒక మనిషి జీవితంలో చేసిన పనినీ, ఆ మనిషి మీద పడ్డ దెబ్బనీ పక్కపక్కన పెట్టి, రెండింటికీ రేటు ఒకటే కాబట్టి రెండూ ఒకటేనన్నారు. అమ్మ విధవ కాదని ఎవరూ అనటంలేదు. కానీ నాన్న ఉండగా ఆమె చేసిన పనికి పేరు లేదు, గృహిణి. నాన్న పోయాక చేసిన పనికి పేరు వచ్చింది. ఇప్పుడు ఆ పేరు కూడా తీసేసి, పోయినాయన పేరు మీద బతకమంటున్నారు.

చేనేత ఆఫీసుకి ముందు నేనొక్కదాన్నే వెళ్ళాను. అక్కడున్నాయన మంచివాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, కంప్యూటరు నా వైపు తిప్పి చూపించాడు. మళ్ళీ తనిఖీకి పంపించడం తేలికేనట. అయితే ఆ రోజు మగ్గం ఎందుకు ఆగిందో కారణం ఎంచుకుంటే తప్ప తెర ముందుకు కదలదు. కారణాలు వరసగా ఉన్నాయి. అనారోగ్యం, నూలు లేకపోవడం, మగ్గం మరమ్మతు, వలస. సెలవు అన్నది లేదు. ఇతరములు అని పెట్టరాదా అన్నాను. ఇదివరకు ఉండేదండీ, అందరూ అదే నొక్కుతున్నారని తీసేశారు అన్నాడాయన.

అనారోగ్యం పెట్టేద్దామండీ, అమ్మగారికి వయసుంది కాబట్టి ఎవరూ అడగరు, ఇలాంటివి చాలా వచ్చాయి, అన్నింటికీ అదే పెట్టాం అని ఆయన ధైర్యం చెప్పాడు. చాలా వచ్చాయన్న మాట నా చెవిలో జోరీగలాగా తిరిగింది. అంటే ఆ అమావాస్య నాడు మా వైపు నేతపనివాళ్ళంతా ఒక్కసారి జబ్బుపడ్డారన్న మాట. రేపు ఎవరో ఆ అంకెలు చూసి చేనేత కుటుంబాల్లో అనారోగ్యం పెరిగిందని నివేదిక రాస్తారు. దాన్ని నేను బోర్డు మీద రాసి, ముఖ్యం అని కింద గీత గీసి పిల్లలకు చెబుతాను. వాళ్ళలో ఒకరు ఆఫీసరై, మా వీధికి మందులు పంపిస్తారు.

ఆయన చెప్పింది ఇంటికెళ్ళి అమ్మతో అన్నాను. అలా ఒప్పుకుంటే పది రోజుల్లో కార్డు తిరిగొస్తుందని కూడా చెప్పాను.

"నాకేం జబ్బు?"

"ఏమీ లేదు. ఊరికే రాయడానికి."

"మరి నిజంగా మంచం పట్టిన నాడు ఏమని రాస్తారు?" అని అడిగింది. "ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. అలాగే రాయమను. మీ నాన్న షావుకారుకి చెప్పిన మాటే వీళ్ళకీ చెబుతున్నాను, అంతకంటే ఏమీ లేదు" అంది.

కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే రోజు. అమ్మ తానే వస్తానంది. మంచి చీర కట్టుకుంది, తను నేసినదే. బస్సు దిగి, వరసలో నిలబడి, టోకెను తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. మా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏదో ఒక లెక్కలోంచి జారిపోయినవాళ్ళే. ఒకాయన వేలిముద్రలు అరిగిపోయి ఉన్నాడో లేడో తేలని కూలీ. ఒకామె మొగుడు వదిలేసినా, కాగితం లేదు కాబట్టి ఒంటరి మహిళ కాని మనిషి. అమ్మ వాళ్ళందరి కథలూ అడిగి తెలుసుకుంది. నాకు మాత్రం భయంగానే ఉంది, లోపలికెళ్ళాక నేను అరిచి మొత్తం చెడగొడతానేమోనని.

పెద్దాఫీసరు అర్జీ చదివాడు. చదువుతుంటే ఆయన మొహంలో చిరాకు లేదు, అర్థం కాకపోవడం ఉంది. కాగితం కింద పెట్టి, "డబ్బయితే వస్తోంది కదమ్మా? ఆగలేదు కదా?" అన్నాడు.

"ఆయన పోయినందుకు నాకు డబ్బులొద్దు బాబూ" అంది అమ్మ. "నేను నేస్తున్నందుకు ఇవ్వండి. లేకపోతే మానెయ్యండి."

ఆమె గొంతు పెంచలేదు. నేను చెప్పదలుచుకున్న నిర్వచనాలతో ఇక పని లేకపోయింది. ఆయన పక్కనున్న గుమాస్తాని అర్జీ నమోదు చెయ్యమన్నాడు. రసీదు వచ్చింది. ఏం రాశారో చదవమని అమ్మ నాకిచ్చింది. విషయం అన్న చోట వితంతు పింఛను గురించి అని ఉంది.

అమ్మ ఆ రసీదును బల్ల మీద తిరిగి పెట్టేసింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో సర్దుకుని కూర్చుంది. వెనకవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. గుమాస్తా, మీ పేరు అందులోనే ఉంది కాబట్టి కంప్యూటరు అలాగే తీసుకుంటుంది, నేనేం చెయ్యను అన్నాడు. అమ్మ లేవలేదు. నేనూ లేవలేదు. పెద్దాఫీసరే చివరికి ఆ రసీదు తీసుకుని, అచ్చయిన మాట కొట్టేసి, పైన పెన్నుతో చేనేత కార్మికురాలి అర్జీ అని రాసి సంతకం పెట్టాడు. అమ్మ లేచి దణ్ణం పెట్టి బయటికొచ్చింది. బస్టాండులో ఇద్దరం పుణుకులు తిన్నాం. ఆమె మొహం చూస్తే ఏదో గెలిచినట్టే ఉంది గానీ, గెలిచిందల్లా పెన్నుతో రాసిన ఆ మూడు మాటలే.

కంప్యూటర్లో మాత్రం అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉంది. మొన్న అమావాస్య ఒకటో తారీఖుకి ముందు రోజు పడింది. నేను ఉండిపోయి మర్నాటి బస్సుకి వద్దామనుకున్నాను. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి మెషీను పట్టుకుని వచ్చింది. అమ్మ అప్పటికే గుంటలో ఉంది. నెయ్యడం ఆపకుండానే, చేనేతదైతే ఇవ్వు, వితంతువులదైతే తీసుకుపొమ్మంది. ఇది వరసగా మూడో నెల. ఇలాగే తీసుకోకపోతే పేరే తీసేస్తారు మామ్మగారూ అని ఆ అమ్మాయి బతిమాలింది. తీసేస్తే తీసెయ్యమను అంది అమ్మ.

డబ్బు ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో ఈ నెల నుంచి మెషీనులో చెప్పాలట. ఆమె చాలాసేపు ఆ తెర వంక చూస్తూ నిలబడింది. నేను వెళ్ళి చూశాను. అక్కడా రెండే ఉన్నాయి, మరణించారు, ఊళ్ళో లేరు. ఎదురుగా మగ్గం ఇల్లదిరేటట్టు ఆడుతోంది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊళ్ళో లేరు అన్నది నొక్కింది.

"ఏం నొక్కావమ్మా?" అని అమ్మ మగ్గం ఆపి అడిగింది.

"ఊళ్ళో లేరనండీ."

అమ్మ నవ్వింది. "సరే. ఉన్నానని చెప్పడానికి సోమవారం వస్తున్నానని చెప్పు" అని మళ్ళీ నాడె విసిరింది.